రక్షణ పద్దు – ద్వీపముల లెక్క

(పోర్ట్ బ్లెయిర్‌లో సోదర ఉద్యోగుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



రైలు లేని ఊరికి రైల్వే, తపాలా ఉద్యోగుల తరఫున వచ్చి రక్షణ వ్యయమును గూర్చి మాట్లాడుట ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. ఆ సందేహము నుండియే మొదలు పెట్టెదము. ఈ ద్వీపములలో రైలు లేదు గాని, రైలుకు సంబంధించిన దస్త్రము ఒకటి ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరమున డిగ్లీపూర్ వరకు 240 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి మార్గమునకు సర్వే జరిగినది. 2017లో బయటకు వచ్చిన లెక్క ప్రకారము ఖర్చు సుమారు 2,414 కోట్ల రూపాయలు. రేట్ ఆఫ్ రిటర్న్ మైనస్ 9.64 శాతము. అనగా పెట్టిన డబ్బు తిరిగి రాకపోవుట అటుంచి, నడిపిన ప్రతి సంవత్సరమూ చేతినుండి పడవలసినదే. అయినను రైల్వే మంత్రిత్వశాఖ ఆ ప్రతిపాదనను సుముఖముగా చూచినది. చెప్పిన కారణములలో మొదటిది ద్వీపముల సైనిక ప్రాముఖ్యము. ఆ మార్గము నేటికిని పడలేదు, అది వేరు సంగతి.

మా ఆసక్తి ఆ మైనస్ గుర్తుపైన. ఉత్తరాంధ్రలోనో తెలంగాణలోనో వెనుకబడిన తాలూకా ప్రజలు రైలు కావలెనని దశాబ్దములు అర్జీలు పెట్టుకొన్నప్పుడు, గిట్టుబాటు కాదని ఒక్క మాటతో దస్త్రము కట్టివేయుట మన సభ్యులందరికీ అనుభవమే. పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసు ఆదాయము ఖర్చులో ఎంత వచ్చుచున్నదని ప్రతి ఏడూ లెక్క అడుగుదురు. గ్రామీణ డాక్ సేవకుని పని గంటలను ఆ ఆదాయముతోనే తూచుదురు. ఒకే ఖజానాలో రెండు తక్కెడలు ఉన్నవి. పౌర సేవ వచ్చినప్పుడు ఒక తక్కెడ. “రక్షణ” అను మాట పలుకగనే రెండవది. రెండవ తక్కెడకు ముల్లు లేదు.

మమ్ములను అపార్థము చేసికొనవద్దు. ద్వీపములకు రక్షణ అక్కరలేదని మేము చెప్పుట లేదు. ఆ మాట ఈ గడ్డమీద నిలబడి ఎవరూ చెప్పలేరు. 1942 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము ఇక్కడి దండును ముందే తరలించుకొని పోయినది. 23వ తేదీన జపాను సైన్యము దిగినది. తరువాతి మూడున్నర ఏండ్లు ఇక్కడి ప్రజలు ఏమి అనుభవించినారో పెద్దల ద్వారా మీరు విన్నారు. 1944 జనవరి 30న హంఫ్రేగంజ్ వద్ద 44 మందిని గూఢచారులన్న నిందతో కాల్చి చంపినారు. కాపలా లేని సరిహద్దు ఖరీదు ఎంతో తెలిసిన ప్రజలు మీరు. మలక్కా జలసంధి వాకిట ఉన్న ఈ దీవుల ప్రక్కగా ప్రపంచ వాణిజ్యములో పెద్దభాగము సాగిపోవుచున్నది. 1964లో ఐ.ఎన్.ఎస్. జరావా, 1973లో కమోర్టాలో కార్దీప్, 1985లో ఉత్క్రోశ్, 2012లో క్యాంప్‌బెల్ బే వద్ద బాజ్, 2019లో షిబ్‌పూర్ వద్ద కొహాసా – ఇట్లు దక్షిణోత్తరముల స్థావరములు వెలసినవి. 2001లో త్రివిధ దళములకు కలిపి దేశములోనే మొట్టమొదటి ఉమ్మడి కమాండు ఇక్కడ ఏర్పడినది.

కావున ఖర్చు పెట్టవలెనా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఆ రూపాయి ఎక్కడ పుట్టి, ఎవరి చేతులగుండా పోయి, ఎచ్చట ఆగుచున్నది? అడిగే హక్కు కట్టేవానికి ఉన్నదా లేదా? ఇదియే ప్రశ్న.

ముందు దేశపు మొత్తము చూతము. 2025-26 కేంద్ర బడ్జెట్టులో రక్షణ శాఖకు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు కేటాయించినారు. కేంద్రము ఖర్చుపెట్టు ప్రతి వంద రూపాయలలో ఇది పదమూడు రూపాయలకు పైమాట. ఇందులో కొత్త ఆయుధములు, నౌకలు, విమానములు, కట్టడముల కొరకు పెట్టుబడి పద్దు 1 లక్షా 80 వేల కోట్లు. పింఛనులకు సుమారు 1 లక్షా 61 వేల కోట్లు. మిగిలినది జీతభత్యములు, ఇంధనము, మందుగుండు, మరమ్మతులు మొదలైనవి. ప్రపంచమంతటా ఇదే వరస. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రీ లెక్క ప్రకారము 2024లో లోకమంతా కలిసి సైన్యములపై 2.7 లక్షల కోట్ల డాలర్లు వెచ్చించినది. మన దేశము అయిదవ స్థానములో ఉన్నది. ఆయుధములను దిగుమతి చేసికొనుటలో 2020 నుండి 2024 వరకు యుద్ధములో ఉన్న ఉక్రెయిన్ మొదటిది, మనము రెండవ వారము.

నిజము చెప్పవలెనన్న అదే బడ్జెట్టులో రైల్వేలకు ఇచ్చిన పెట్టుబడి 2 లక్షల 52 వేల కోట్లు. రక్షణ పెట్టుబడి కంటె ఎక్కువే. “మాకు లేదు, వారికే ఉన్నది” అని గుండెలు బాదుకొనుట మా ఉద్దేశము కాదు. రైల్వేకు ఇచ్చిన ప్రతి రూపాయికి మార్గము పేరు, కిలోమీటర్లు, టెండరు, గడువు అన్నీ పుస్తకములో కనబడును. ఆలస్యమైతే పత్రికలు వ్రాయును, ప్రయాణీకులు అడుగుదురు. రక్షణ కొనుగోలులో ఈ అడుగువాడు లేడు.

కొనుగోలు ఎట్లు జరుగునో కొంచెము వివరముగా చెప్పెదము, ఎందుకనగా చాలామంది దీనిని బజారులో సామాను కొన్నట్లు ఊహించుకొందురు. దళములు తమకేమి కావలెనో వ్రాసి ఇచ్చును. రక్షణ మంత్రి అధ్యక్షతనున్న మండలి అవసరమును ఒప్పుకొనును. తరువాత ప్రతిపాదనలు పిలుచుట, పరీక్షలు, ధర బేరము, ఆర్థికశాఖ అనుమతి, మంత్రివర్గ సంఘము, ఆపైన సంతకము. సంతకమైన నాడు పూర్తి డబ్బు పోదు. కొంత బయానా, ఆపైన పని సాగినకొద్దీ వాయిదాలు. కావున ఈ ఏటి పెట్టుబడి పద్దులో పెద్దభాగము పోయిన ఏండ్లలో చేసిన సంతకములకు కట్టవలసిన బాకీయే. కొత్త సంతకమునకు మిగులునది కొంచెమే. ఒక నౌక మూడేండ్లు ఆలస్యమైతే నష్టము ఆ నౌకతో ఆగదు. దానివెనుక వరుసలో నిలబడిన కొనుగోళ్లన్నియు నిలిచిపోవును. రైలు బండి ఒకటి సెక్షనులో ఆగితే వెనుక బళ్లు ఏమగునో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మీ కళ్ల ఎదుట ఉన్న ఉదాహరణ తీసికొందము. ఇక్కడి రేవులో మీరు చూచు ల్యాండింగ్ క్రాఫ్టులు, ఎల్-51 నుండి ఎల్-58 వరకు ఎనిమిది, కలకత్తాలోని ప్రభుత్వరంగ సంస్థ గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ కట్టినవి. ఒప్పందము 2011 సెప్టెంబరులో. మొదటిది 2017 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళములో చేరినది. చివరిది 2021 మార్చిలో. సంతకము నుండి చివరి నౌక వరకు తొమ్మిదిన్నర సంవత్సరములు! ఆలస్యమును మేము మెచ్చుకొనుట లేదు. అయినను ఇది మంచి కొనుగోలని మా అభిప్రాయము. దేశములో, ప్రభుత్వ యార్డులో, మన సోదర కార్మికుల చేతులతో కట్టబడినది. ట్యాంకులను ఒడ్డుకు దింపగల నౌక, వరదలో తుపానులో బియ్యము, మందులు, మనుషులను కూడ జెట్టీ లేని ఒడ్డున దింపగలదు. 2004 డిసెంబరు 26 ఉదయము తరువాత ఈ మాట విలువ ద్వీపవాసులకు వేరుగా చెప్పవలెనా? ఆ సునామీలో కార్ నికోబార్ వైమానిక స్థావరమే కొట్టుకొనిపోయినది. వాయుసేన సిబ్బంది, వారి కుటుంబముల వారు కలిపి నూరుమందికి పైగా మరణించినారు. సముద్రము ఎదుట సైనికుడు, గుమాస్తా, కొబ్బరితోట కూలీ అని భేదము లేదు.

మన తెలుగునాటి మాటకు వత్తము. విశాఖపట్టణము హిందుస్థాన్ షిప్‌యార్డు 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన సంస్థ. స్వతంత్ర భారతదేశపు మొదటి పెద్ద ఓడ “జల ఉష” 1948 మార్చిలో అక్కడనే నెహ్రూ చేతులమీదుగా నీటిలోనికి జారినది. మీలో ఎందరో ఎక్కి వచ్చిన “స్వరాజ్ ద్వీప్” ఆ యార్డు కార్మికులు కట్టిన ఓడయే. జంగ్లీఘాట్ మత్స్యకారుల బంధువులు శ్రీకాకుళము, విశాఖ జిల్లాలలో ఉన్నారు. రెండు తీరముల నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల నీటికి ఆ ఓడ వంతెన వంటిది. 2010 ఫిబ్రవరిలో ఆ యార్డును నౌకారవాణా శాఖ నుండి తీసి రక్షణ శాఖకు అప్పగించినారు. 2023 ఆగస్టులో అయిదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల నిర్మాణమునకు సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందము దానికి దక్కినది. ఎనిమిదేండ్లలో 168 లక్షలకు పైగా పనిదినములు లభించునని ప్రభుత్వము ప్రకటించినది.

దీనిని మేము హర్షించుచున్నాము. నష్టముల పేరిట ఏనాడు తలుపు మూయుదురోయని బెంగపడిన యార్డు అది. కాని రెండు మాటలు. ఆ పనిదినములలో ఎన్ని పర్మనెంటు కార్మికునివి, ఎన్ని కాంట్రాక్టరు కూలీవి? ప్రకటనలో ఆ విభజన లేదు. రెండవది – యుద్ధనౌకలకు సరకు మోయు ఓడ కట్టగల చేతులకు ద్వీపములకు ప్రయాణీకులను మోయు ఓడ కట్టుట కష్టమా? టికెట్టు కొరకు వరుసలో నిలబడు ద్వీపవాసికి “సైనిక ప్రాముఖ్యము” లేదు గనుక ఆతని ఓడ ఎప్పుడును మొదటి తక్కెడలోనే పడుచున్నది.

స్వదేశీ కొనుగోలు అను నినాదము నేడు బాగుగా వినబడుచున్నది. 2025-26లో ఆధునీకరణ నిధులలో 75 శాతము దేశీయ పరిశ్రమకే అని చెప్పినారు. మంచిదే. ఈ దీవులలో ఒకదాని పేరు పెట్టుకొన్న యుద్ధనౌక “కమోర్టా” 2014లో విశాఖలో దళమునందు చేరినది. దాని పొట్టుకు వాడిన ప్రత్యేక ఉక్కు మన సెయిల్ కర్మాగారములలో తయారైనది. మన బండ్లు నడచు పట్టాలను పోతపోయు భిలాయి కూడ ఆ ఉక్కు పలకల తయారీలో పాలుపంచుకొన్నది. కాని స్వదేశీ అను ముద్ర ఉన్నంత మాత్రమున అంతయు స్వదేశీ కాదు. 2021 ఫిబ్రవరిలో హెచ్.ఎ.ఎల్.తో 83 తేజస్ విమానములకు ఒప్పందమైనది. 2024లో రావలసిన విమానములు ఆగిపోయినవి. ఎందుచేత? ఇంజను అమెరికాలోని జి.ఇ. కంపెనీది. ఈ ఒప్పందపు ఇంజనులలో మొదటిది 2025 మార్చిలో గాని చేతికి రాలేదు. పేటికి మన పేరు, తాళము పరాయి వాని మొలలో.

ఇక లెక్కల పుస్తకములోని మరియొక చిత్రము. రక్షణకు పనికివచ్చు ఖర్చంతయు రక్షణ పద్దులో ఉండదు. 2020 ఆగస్టు 10న మదరాసు నుండి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రగర్భ కేబులు ప్రారంభమైనది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. డబ్బు ఇచ్చినది గ్రామీణ టెలికాం సేవలకై ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి. పని చేయించినది మన బి.ఎస్.ఎన్.ఎల్. 1985 వరకు తపాలా, టెలిగ్రాఫు ఒక్క శాఖయే గనుక వారిని “మన” అనుచున్నాము. ఆ కేబులు వలన కమాండుకు మేలు, బ్యాంకుకు మేలు, ఆసుపత్రికి మేలు, ప్రైవేటు ఫోను కంపెనీలకును మేలు. ఇది సరియైన తీరు. ఒక్క రూపాయితో నలుగురు బాగుపడినారు. కాని అదే బి.ఎస్.ఎన్.ఎల్.ను నష్టజాతకమని నిందించి వేలాది ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పేరిట 2020 జనవరిలో ఇంటికి పంపిన లెక్కలో, దేశరక్షణకు అది చేసిన ఉపకారము ఏ గడిలో వ్రాసినారు? రైల్వేలలో సైనిక ప్రాముఖ్యము గల మార్గముల నష్టమును సాధారణ ఖజానా భరించు సంప్రదాయము ఎప్పటినుండియో ఉన్నది. ఆ పాటి న్యాయము టెలికాం సోదరులకు దక్కలేదు.

విమానాశ్రయము చూడుడు. రన్‌వే నౌకాదళముది, పౌరుల టెర్మినలు ప్రక్కన. 2023 జూలైలో సుమారు 710 కోట్లతో కొత్త టెర్మినలు తెరచినారు. ఒకే రన్‌వేను ఇద్దరు వాడుకొనుట పొదుపే. అయితే ద్వీపమున వ్యయమైన రూపాయి ద్వీపమున ఆగదు. సిమెంటు, ఇనుము, బియ్యము, ఉల్లిపాయ, అన్నియు ఓడ దిగవలసినవే. సైనికుని జీతమైనను, మన జీతమైనను బజారులో ఖర్చుపెట్టిన మరుక్షణము మదరాసుకో కలకత్తాకో తిరుగు ఓడ ఎక్కును. అందుచేత రక్షణ వ్యయము వేల కోట్లు పెరిగినను స్థానిక యువకునికి ఉద్యోగము దానంతటదియే పెరుగదు. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో చెట్ల నరకుడు తగ్గి, ప్లైవుడ్ కర్మాగారములు మూతపడిన తరువాత ఇక్కడ మిగిలినవి ప్రభుత్వ కొలువు, పర్యాటకము, రక్షణ పనులు. రక్షణ పనులలో స్థానికునికి దొరకునది ఎక్కువగా కాంట్రాక్టరు క్రింద కూలి.

ఆ కూలి సంగతి చెప్పక తప్పదు. ద్వీప పరిపాలనలో దినకూలీ మజ్దూర్లు సుమారు నాలుగు వేలమంది రెగ్యులరు ఉద్యోగులతో సమాన ప్రాతిపదికన వేతనము, కరువుభత్యము కొరకు కోర్టుకెక్కినారు. తీర్పు అమలు కాలేదని 2023 ఆగస్టులో కలకత్తా హైకోర్టు అత్యున్నతాధికారులపై కోర్టు ధిక్కార చర్య తీసికొనువరకు వచ్చినది. మరునాడే సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినది. న్యాయస్థానముల మాట న్యాయస్థానములకు వదలుదము. వేల కోట్ల సంతకములకు వెనుకాడని చోట దినకూలీ కరువుభత్యము ఇంత దూరము ప్రయాణము చేయవలసి వచ్చుటయే మా బాధ. మన కరువుభత్యము మాత్రము? 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు మూడు వాయిదాలు స్తంభింపజేసి 34,402 కోట్లు మిగిల్చితిమని ప్రభుత్వమే చెప్పినది. ఆ డబ్బు నేటికిని రాలేదు. సైనికుని భత్యము కూడ అందులోనే పోయినదని మరువరాదు.

పింఛను మాటయు అంతే. రక్షణ పింఛనులు పెరిగిపోయి ఆయుధములకు డబ్బు మిగులుట లేదని వ్రాయు పండితులు కొందరున్నారు. 2004 జనవరి 1 తరువాత చేరిన మన పిల్లల పాత పింఛను తీసివేసినప్పుడు ఇదే వాదము. నాడు సైన్యమునకు మినహాయింపు ఇచ్చినారు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చినది: నాలుగేండ్ల కొలువు, అందులో నాలుగవ వంతు మందికి మించి కొనసాగింపు లేదు, మిగిలినవారికి పింఛనే లేదు. మనలను కోసిన కత్తియే యూనిఫారము వేసికొన్నవానికి కూడ తగిలినది. సైన్యపు తపాలా విభాగములో డెప్యుటేషనుపై పనిచేసిన మన సోదరులకు ఆ పల్లె పిల్లలు ఎవరో, వారి మనియార్డరుల మీద ఎన్ని పొయ్యిలు వెలిగినవో తెలియును.

ప్రశ్నించినవాని గతి కూడ చెప్పుకొందము. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైనది. పదకొండవ రోజున, మే 18న, పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగినది. మన సోదరులు జైళ్లలో, వారి కుటుంబములు క్వార్టర్ల నుండి వీధిలో ఉండగా, మరునాటి పత్రికల మొదటి పుటలలో సమ్మె మరుగున పడినది. 2021లో 41 ఆర్డినెన్సు ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా మార్చ తలపెట్టగా, 70 వేల పైచిలుకు కార్మికుల సమాఖ్యలు సమ్మె నోటీసు యోచించినవి. జూన్ నెలాఖరున ఆర్డినెన్సు, ఆగస్టులో చట్టము – సమ్మెయే నేరము. అక్టోబరు 1న బోర్డు రద్దు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారములో పదాతి దళమునకు కవచ వాహనములు చేయు మన తెలుగు కార్మికులు ఒక్క రాత్రిలో ప్రభుత్వ శాఖ నుండి కంపెనీ ముంగిటికి చేరినారు. ఆయుధము చేయువాని నోరు మూయుట దేశరక్షణలో ఏ భాగమో మాకు బోధపడలేదు.

చివరగా గ్రేట్ నికోబార్. అక్కడ గలాథియా బే వద్ద కంటెయినర్ రేవు, విమానాశ్రయము, విద్యుత్ కేంద్రము, పట్టణము – సుమారు 72,000 కోట్లని మొదటి అంచనా, ఆపైన పెరిగినది. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చినారు. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోవును. షోంపెనులు, నికోబారీలు ఉన్న దీవి అది. విమానాశ్రయము పౌరులకు, సైన్యమునకు ఉమ్మడిది. అది రక్షణ అనుట మేము ఒప్పుకొందుము. కాని కంటెయినర్ రేవు వ్యాపారము; పట్టణము వ్యాపారము. వ్యాపారమునకు లాభనష్టముల లెక్క చూపవలెను గదా? అడిగినచో “దేశభద్రత” అందురు. ఇదియే మేము మొదట చెప్పిన రెండవ తక్కెడ. ఇంకొక వింత: 1969 నుండి ఆ దీవిలో 330 మాజీ సైనికుల కుటుంబములను సరిహద్దు కాపలాగా తెచ్చి, భూములిచ్చి నిలిపినారు. పంజాబు, మహారాష్ట్ర, కేరళ మొదలగు రాష్ట్రముల నుండి వచ్చి అడవి కొట్టి సాగుచేసిన వారి భూములే నేడు ఈ పథకమునకు కావలసి వచ్చినవి.

మా సమాఖ్య కోర్కెలు ఎక్కువ లేవు. ద్వీపములలో జరుగు ప్రతి రక్షణ నిర్మాణములోను పౌరుల వాడుకకు ఎంత వీలున్నదో ముందే వ్రాయవలెను. ఉమ్మడి పథకములలో రక్షణ వాటా ఎంత, వ్యాపార వాటా ఎంత, విడివిడిగా పార్లమెంటు ముందు పెట్టవలెను. ఆయుధముల రహస్యము ఎవరూ అడుగుట లేదు. అడుగుచున్నది సిమెంటు లెక్క. కాంట్రాక్టు కార్మికుని కూలి ఒప్పందములోనే చేర్చి, ప్రధాన యజమానిగా ప్రభుత్వమే పూచీపడవలెను.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చినారు గనుక ఇకపై శాఖల ఉత్తరములలో రెండు పేర్లును వ్రాయుడు, సంచులు దారి తప్పవు. ఇక్కడి శాఖలవారు తమ పరిసరములలోని రక్షణ పనులలో కూలి చేయువారి వద్ద వేతన చీటీలు, హాజరు కార్డుల నకళ్లు, ప్రావిడెంటు ఫండు కోతల వివరములు సేకరించి సమాఖ్య కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము. చీటీ ఇవ్వని చోట, ఇవ్వలేదని కార్మికుని చేత వ్రాయించి పంపినను చాలును.